కారు గేటు బయటే

అజ్మాన్,
ఫిబ్రవరి 2006

ప్రియమైన షగ్గు అబ్బాకు,

సలాం. మీరు క్షేమంగా పనిచేసే దీవికి చేరారని కంపెనీ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. చేరారు సరే, మొహం ముడుచుకునే చేరి ఉంటారు. వెళ్లేటప్పుడు గేటు దాకా షగ్గు మీ వేలు పట్టుకుని ఊపుతున్నా మీరు చూడలేదు. మీ కళ్లు గోడ అవతల ఇసుకలో నిలబెట్టిన కారు మీదే ఉన్నాయి. ఏడుసార్లు టెస్టుకు పోయి తెచ్చుకున్న లైసెన్సు, దాని వెంబడే కొనుక్కున్న కారు, దాన్ని దిక్కులేనిదానిలా వదిలేసి పడవ ఎక్కాల్సి వచ్చిందే అని మీ బాధ. నాకు తెలియదా?

"ఈ కాలనీ కట్టినోళ్లకు పిచ్చి పట్టినాది" అన్నారు మీరు, గేటు నుంచి ఇంటిదాకా సామాన్లు తోపుడు బండి మీద తోస్తూ. లోపలికి కార్లు రాకూడదు. గేటు దగ్గర ఇనుప గుంజలు పాతారు. నాలుగిళ్లకు ఒక్క పార్కింగ్, అదీ గేటు బయట, చీటీలు తీసి ఇస్తారు. మనకు చీటీ తగల్లేదు. అంతా నిజమే. కానీ ప్రతి బిల్డింగు కింద కార్ల కోసం ఒక అంతస్తు కట్టలేదు కాబట్టే అద్దె తగ్గించారని కాలనీ మేనేజరు, అదే ముదీర్, చెప్పాడు కదా. లేకపోతే మన మొహాలకు రెండు గదుల ఇల్లు, బాల్కనీ ఎక్కడివండీ?

నేను అసలు రాయాలనుకున్నది వేరే. నిన్న సాయంత్రం అసర్ నమాజు అయ్యాక షగ్గుకు చెప్పులు తొడిగి, తలుపు తీసి, చెయ్యి వదిలేశాను. వదిలేశానండీ. అది నా మొహం చూసింది. 'పో' అని చెయ్యి ఊపాను. నమ్మలేదు. మెట్లు దిగి, మళ్లీ వెనక్కి వచ్చి, నా కొంగు పట్టుకుని చూసింది. మళ్లీ ఊపాను. అప్పుడు పరిగెత్తింది చూడండి! సందు ఈ చివర నుంచి ఆ చివరకు, నీడ కోసం కట్టిన గుడ్డల కింద, చేతులు బార్లా చాచుకుని.

దుబాయ్‌లో, డేరా పేటలో మన పాత ఇంటి ముందు పార్కింగ్ స్థలంలో ఒకడు కారు వెనక్కి తీస్తూ హారన్ మీద హారన్ కొట్టి, చివరికి దిగొచ్చి "చెవుడా నీ పిల్లకు?" అని అరిచిన రోజు గుర్తుందా? అవును, చెవుడే. పసితనంలో వచ్చిన జ్వరం దాని చెవులు రెండూ తీసుకుపోయింది. ఆ రోజు నుంచి ఆరేళ్ల పిల్లను కిటికీ ఊచలకు అప్పజెప్పి పెంచాను. ఇక్కడ ఊచలు అక్కర్లేదు. వెనక నుంచి వచ్చేది ఏదీ లేదు.

మీ కారు మీద రోజూ ఒక చేటెడు ఇసుక పడుతోంది. శుక్రవారం తుడుస్తాను లెండి. కోపం తగ్గించుకోండి.

మీ
ఖుర్షీదా


దీవి నుంచి,
మార్చి 2006

ప్రియమైన ఖుర్షీదాకు,

నీ ఉత్తరం సామాన్ల పడవలో వచ్చింది. ఫోన్ చేద్దామంటే ఇక్కడ ఉన్నది ఒక్క బూత్, వెనక పది మంది నిలబడి నా కాపురం అంతా వింటారు. అందుకే రాస్తున్నాను. షగ్గు పరిగెత్తిందని చదివి బంకు మంచం మీద పడుకుని ఒక్కడినే నవ్వుకున్నాను. పక్కవాళ్లు పిచ్చివాడిని చూసినట్టు చూశారు.

కానీ కారు సంగతి నవ్వులాట కాదు. నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. నేను చిన్నగా ఉన్నప్పుడు రాయచోటిలో మా వీధికి కువైట్ నుంచి బడే సాహెబ్ మామ వచ్చేవాడు. బాడుగ కారే, అయినా ఇంటి ముందు ఆపి, దిగకుండా, ఒక్క హారన్ కొట్టేవాడు. వీధంతా బయటికి వచ్చేది. ఆయన భార్య వజీరాబీ అత్త చేతికి అంటిన పిండితోనే వాకిట్లోకి పరిగెత్తుకొచ్చేది. ఆ అత్త మొహం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఏడుసార్లు టెస్టుకు ఎందుకు పోయాననుకున్నావు? మన వాకిట్లో ఆపి ఒక్కసారి హారన్ కొడితే నువ్వు అట్లా బయటికి రావాలి. అంతే నా కోరిక. ఆ గుంజలు పాతినవాడికి ఇది తెలుసా?

ఇక్కడ మాకు సముద్రం, పైపులు, మెస్సులో పప్పు. లీవు దొరికిన ఆ నెల ఒక్కటే మాకు బతుకు. ఆ నెలలో కూడా గేటు దగ్గర కారు వదిలి సంచులు మోసుకుంటూ రావాలంటే ఒళ్లు మండుతుంది. నాకొక్కడికే కాదు. మన కాలనీలో సగానికి సగం ఇళ్లు ఈ దీవిలో పనిచేసే వాళ్లవే. గుంజలు తీసేసి, ఇళ్ల ముందు పార్కింగ్ గీతలు గీయమని, మాతో పనిచేసే అబ్దుల్ రహీం ఇంగ్లీషులో ఒక అర్జీ రాశాడు. సగానికి పైన సంతకాలు పడితే ముదీర్ ఒప్పుకోక తప్పదంట. మొదటి సంతకం నాది.

కోప్పడొద్దు. నెమ్మదిగా అలవాటు అవుతుంది. షగ్గుకు ఎర్ర గౌను పంపాను, అందిందని రాయి.

నీ
రహమతుల్లా


అజ్మాన్,
ఏప్రిల్ 2006

షగ్గు అబ్బాకు,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. రెండు రోజులుగా కాలు గాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. అన్నం మాడింది, పాలు పొంగాయి. మొదటి సంతకం మీదా? ఇంకెవడో పనిలేనివాడు మొదలుపెట్టి ఉంటే నాలుగు శాపనార్థాలు పెట్టి ఊరుకునేదాన్ని. మిమ్మల్ని ఏమని తిట్టుకోను?

అర్జీ సంగతి తెలిసి నేనూ, ఎదురింటి అక్తర్ బీ, ఇంకా ఏడెనిమిది మంది ఆడవాళ్లం ముదీర్ దగ్గరికి పోయాం. ఆయన చాలా మర్యాదగా కుర్చీలు వేయించాడు, చాయ్ తెప్పించాడు. మా సంతకాలూ తీసుకోండి, మాకు కార్లు వద్దు అన్నాం. అద్దె కాగితం ఎవరి పేరున ఉంటే వాళ్ల సంతకమే చెల్లుతుంది అన్నాడు. కాగితాలన్నీ మీ పేర్ల మీదే. బయటికొచ్చాక అక్తర్ బీ అంది, "ఏం మే ఖుర్షీదా, ఈడ ఉండేది మనం, నడిచేది మనం, పిల్లోళ్లను సాకేది మనం. యాడనో సముద్రంలో ఉండే మొగోళ్లు మన వాకిలి బేరం పెడతాండారు." ఆమె మొగుడు కూడా మీతోనే ఉన్నాడుగా, ఆయనకూ ఇదే మాట చెప్పండి.

మీకు ఈ సందు తెలియదు. ఇల్లు మార్చడానికి వచ్చి పది రోజులు ఉన్నారు, పది రోజులూ పార్కింగ్ గురించే మాట్లాడారు. షగ్గు ఇప్పుడు ఒక్కతే బఖాలా కొట్టుకు పోయి ఖుబ్బూస్ రొట్టెలు తెస్తోంది. కొట్టువాడు దానితో చేతులతోనే మాట్లాడతాడు. ఒక వేలు చూపిస్తే ఒక పొట్లం. దారిలో ప్రతి ఇంటి గోడ మీద అరచెయ్యి ఆనించి చూస్తుంది. ఎవరింట్లో వాషింగ్ మెషిన్ తిరుగుతోందో దానికి తెలిసిపోతుంది, నవ్వుతుంది. మీ గురించి అడగాలంటే లేని మీసం మెలేస్తుంది. సాయంత్రం మీసం మెలేస్తూ గేటు వైపు చూపిస్తుంది, ఎప్పుడొస్తాడు అని.

మొన్న దానికి జ్వరం వచ్చింది. ఎండలో భుజాన వేసుకుని గేటు దాకా నడిచి, టాక్సీ కోసం నిలబడ్డాను. ఇప్పుడు తగ్గిపోయింది, కంగారు పడొద్దు. కారు ఇంటి ముందు ఉంటే నడిపేది ఎవరు? మీరు దీవిలో, నాకు రాదు. మీరు వచ్చే ఒక్క నెల కోసం మిగతా నెలలన్నీ దాన్ని మళ్లీ గదిలో పెట్టమంటారా?

మీ పేరు కొట్టేయించండి. ఇంకేమీ అడగను.

ఖుర్షీదా


దీవి నుంచి,
మే 2006

ప్రియమైన ఖుర్షీదాకు,

జ్వరం వచ్చిందని తొమ్మిది రోజుల తర్వాత తెలిసింది నాకు. పడవ ఆలస్యం. నువ్వు పిల్లను భుజాన వేసుకుని ఎండలో నిలబడ్డావు, నేను ఇక్కడ పైపు బోల్టులు బిగిస్తూ ఉన్నాను. తగ్గిపోయింది అని రాశావు. తగ్గకపోయి ఉంటే? అదీ తొమ్మిది రోజుల తర్వాతే తెలిసేదా? మూడు రోజులు నిద్ర పట్టలేదు. కారు వాకిట్లో ఉంటే ఏ అక్తర్ బీ మరిదో, పక్కింటి వాళ్ల తమ్ముడో తాళం తీసుకుని ఆస్పత్రికి తీసుకుపోతాడు. నేను లేకపోయినా నాది ఒకటి మీ వాకిట్లో ఉంటుంది. నీకు అందులో కారే కనిపిస్తోంది, నాకు మీకొక తోడు కనిపిస్తోంది.

పేరు కొట్టేయించను. కొట్టేసినా లాభం లేదు, ఖలాస్, సంతకాలు సగం దాటాయి. గుంజలు తీసేస్తున్నారని ఆఫీసు నుంచి కబురు. మన బిల్డింగు ముందే మనకు చోటు ఇచ్చారట, ఇంటి నంబరు కూడా రాస్తారట. పిల్ల కొన్నాళ్లు చెయ్యి పట్టుకుని నడుస్తుంది. లోకంలో చెవులు లేని పిల్లలు ఎంత మంది నడవడం లేదు?

వచ్చే నెల లీవు. బయటికి వచ్చి చూడు, హారన్ కొడతాను.

నీ
రహమతుల్లా


అజ్మాన్,
మే 2006

షగ్గు అబ్బాకు,

గుంజలు పోయాయి. నీడ గుడ్డలు కూడా విప్పేశారు, పెద్ద బండ్లకు తగులుతాయట. సందు పొడవునా పసుపు రంగు గీతలు గీశారు. ఎండ నేరుగా నేల మీద పడుతోంది.

నేను తలుపుకు గడియ పెట్టాను. షగ్గు చెప్పులు తొడుక్కుని తలుపు దగ్గర కూర్చుంటోంది. మొదటి రోజు ఆట అనుకుంది. రెండో రోజు నా చేతులు పట్టుకుని అడిగింది, తను ఏం తప్పు చేసింది అని. శిక్ష వేశాననుకుంటోంది. కారు, చప్పుడు, వెనక నుంచి, చెవి, ఇవన్నీ చేతులతో ఎట్లా చెప్పను? చప్పుడు అంటే ఏమిటో దానికి తెలియదు కదా. చెవులు పట్టుకుని గుంజీళ్లు తీసి చూపించింది, ఇక వదిలెయ్యమని. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మీరు రండి. వచ్చి చూడండి. అంతకన్నా రాసే ఓపిక లేదు.

ఖుర్షీదా


దీవి నుంచి,
జూలై 2006

ప్రియమైన ఖుర్షీదాకు,

క్షేమంగా చేరాను. ఈసారి పడవ ఆలస్యం, అంతే, ఇంకేం లేదు.

కారు అమ్మేద్దాం. ఎండాకాలం ఇంజను పాడవుతుంది, పెట్రోలు కూడా పెరిగింది, ఇన్సూరెన్సు ఒకటి. అజ్మాన్‌లో కార్లు కొనేవాళ్లు ఉంటారు, ఎవరినైనా పిలిచి చూపించు. వాడు హారన్ మోగుతుందా అని అడిగితే మోగుతుంది అని చెప్పు. నువ్వు మాత్రం కొట్టి చూడకు. వాడినీ మన వాకిట్లో కొట్టనివ్వకు, గేటు బయటికి తీసుకుపొమ్మను.

పాపను బయటికి తీసుకుపోతే ఎడమ పక్కన, గోడ వైపు నడిపించు. వేలు కాదు, మణికట్టు పట్టుకో. ఎర్ర గౌను వేయొద్దు. వేసినా నా ఎదుట వేయొద్దు.

ఇక్కడ పని మామూలే. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. డ్యూటీ అయ్యాక బంకు గదులన్నీ తిరుగుతున్నాను. సంతకాలతో తీసిన గుంజలు సంతకాలతోనే మళ్లీ పెట్టించవచ్చు కదా, అందరినీ అడుగుతున్నాను. నవ్వుతున్నారు. "మొదటి సంతకం నీదే, ఇప్పుడు నీకేం పుట్టింది బ్బా" అంటున్నాడు అబ్దుల్ రహీం. వాడికి ఏదో ఒకటి చెప్పాను. పెట్రోలు రేటు అని చెప్పాను.

నువ్వు ఏమీ అడగలేదు. అదే మంచిది. నేను ఉన్నన్ని రోజులూ ఎందుకు అన్నం తినలేదని అడుగుతావేమో అనుకున్నాను.

షగ్గును చూసుకో.

నీ
రహమతుల్లా


అజ్మాన్,
ఆగస్టు 2006

ప్రియమైన షగ్గు అబ్బాకు,

లీవుకు వచ్చిన రోజు ఏం జరిగిందో మీరు రాయలేదు కాబట్టి నేనే రాస్తాను.

ఆ రోజు మిమ్మల్ని కంపెనీ బస్సు గేటు దగ్గర దించిందని నాకు తెలుసు. బాల్కనీలోంచి చూశాను. ఇంటికి రాకుండా ముందు కారు దగ్గరికి పోయారు, ఇసుక తుడిచారు, అద్దాలు కడిగారు. సరే, ఎన్నాళ్ల ముచ్చటో, కానివ్వమనుకున్నాను. మీకోసం సమోసాలు వేయిస్తున్నాను. మీరు వస్తున్నారు కదా అని గడియ తీసి ఉంచాను. షగ్గు ఎప్పుడు జారుకుందో చూసుకోలేదు. ఆ తప్పు నాది.

అప్పుడు హారన్ వినబడింది. మీరు కోరుకున్నట్టే, చేతికి అంటిన పిండితోనే కిటికీ దగ్గరికి పరిగెత్తాను.

మన ఇంటి నంబరు రాసిన పసుపు గళ్లలో అది తొక్కుడుబిళ్ల ఆడుకుంటోంది. ఆ గీతలు దానికోసమే గీశారనుకుంది పిచ్చిది. ఎర్ర గౌను, మీ వైపు వీపు. మీరు మలుపు తిరిగి హారన్ కొట్టారు. ఎవరి పిల్లో అనుకున్నారో, మన పిల్లేనని తెలిసీ చెయ్యి అలవాటుగా పోయిందో నేను అడగను. ఒంటికాలి మీద గెంతుతూనే ఉంది అది. బ్రేకు వేశారు. కారుకూ దానికీ మధ్య జానెడు కూడా లేదు. కిటికీ ఊచలు పట్టుకుని అట్లాగే ఉండిపోయాను.

కారు ఆగినా హారన్ ఆగలేదు. మీ చెయ్యి దాని మీదే బిగుసుకుపోయింది. సందులో జనమంతా బయటికొచ్చారు. ఇంజను వేడి వీపుకు తగిలిందేమో, షగ్గు వెనక్కి తిరిగింది. అద్దంలోంచి మిమ్మల్ని చూసింది. మీసం మెలేసింది. ముందుకొచ్చి, హారన్‌కు అదురుతున్న బానెట్ మీద అరచెయ్యి ఆనించి నవ్వింది, వాషింగ్ మెషిన్ దగ్గర నవ్వినట్టు. మీరు దిగి దాన్ని గుండెకు హత్తుకుని, రోడ్డు మీద కూలబడ్డారు. నేను మెట్ల దాకా వచ్చి మళ్లీ వెనక్కి పోయాను. మీ మొహం చూసి మీ ఎదుట నిలబడలేకపోయాను.

పైకి వచ్చి "ట్రాఫిక్ ఎక్కువ, ఆలస్యమైంది" అన్నారు. నేను సమోసాలు పెట్టాను. ఒకటి కూడా తినలేదు. రోజూ చెప్తారేమో అని ఎదురుచూశాను. మీరు చెప్పలేదు, నేను అడగలేదు. లీవంతా పిల్ల మణికట్టు వదలకుండా తిరిగారు. రోజులు అట్లాగే పోయాయి.

నాకు చెప్పలేనిది మెస్సులో అందరి ముందు చెప్పారట. అక్తర్ బీకి ఆమె మొగుడు ఉత్తరం రాశాడు, ఆమె నా చేతికిచ్చి చదవమంది. మీరు ముద్ద ముందు పెట్టుకుని, తినకుండా లేచి నిలబడి అన్నారట: "నా బిడ్డకే హారన్ కొట్టినాను బ్బా. ఇనపడుతుందని కొట్టినాను. పెట్రోలూ కాదు, ఏమీ కాదు." గుంజలు మళ్లీ పాతమని అప్పటికప్పుడు అక్కడే అర్జీ రాశారట. ఆ పూట మొదట సంతకం పెట్టింది అబ్దుల్ రహీమేనట.

నిన్న కూలీలు వచ్చి గేటు దగ్గర గుంజలు మళ్లీ పాతారు. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. నీడ గుడ్డలు వచ్చే వారం కడతామన్నారు. పసుపు గీతలు చెరపబోతే పిల్లలంతా అడ్డం పడ్డారు, అవి మాత్రం ఉంచేశారు.

కారు అమ్మను. జ్వరం వచ్చిన రోజు గురించి మీరు రాసింది తప్పు కాదు, నాకు ఆ రోజు నిజంగా భయమేసింది. అందుకే నేనూ అక్తర్ బీ డ్రైవింగ్ స్కూల్లో చేరాం. కారు గోడ అవతల ఇసుకలోనే ఉంటుంది, తాళం నా దగ్గర ఉంటుంది, గేటు దాకా నడవడానికి మాకు కాళ్లున్నాయి. ఏడుసార్లు పడుతుందో ఒక్కసారికే వస్తుందో చూద్దాం. ఒక్కసారికే వస్తే మీరు ఏడవకూడదు.

ఇంకొకటి. మీ గురించి అడగాలంటే షగ్గు ఇప్పుడు మీసం మెలేయడం లేదు. అరచెయ్యి గోడకు ఆనించి వణికిస్తుంది. దానికి భయం లేదండీ. ఆ రోజు మీరు దాన్ని పిలిచారనుకుంటోంది, పుట్టినప్పటి నుంచి మొదటిసారి. మీరు అన్నం తినండి.

ఈసారి వచ్చినప్పుడు గేటు దగ్గర దిగి నడిచి రండి. గుంజల దగ్గర ఆడుకుంటూ ఉంటుంది. వెనక నుంచి పిలవొద్దు. ఎదురుగా వచ్చి నిలబడండి, అదే చూస్తుంది.

మీ కోసం చూసే
ఖుర్షీదా